అత్తగారి జలదారి, నీ మిద్దె

ప్రశ్న:

అమ్మా, మాది అనంతపురం. నాకు 29 ఏళ్లు. అద్దె ఇల్లు, పై అంతస్తు. మిద్దె మేమే వాడుకుంటాం. మొక్కలు కొనడం కంటే ఎవరింట్లోనైనా ఒక కొమ్మ అడిగి తెచ్చుకుని నాటడమే నాకు సరదా. ఉగాది దాటాక రోజా, మందారం, మల్లె, నందివర్ధనం, దానిమ్మ అన్నీ కలిపి 14 కొమ్మలు కుండీల్లో నాటాను. చాలావాటికి పది రోజుల్లో చిగురు వచ్చింది. ఇంట్లో అందరికీ చూపించుకున్నాను. తర్వాత ఒక్కొక్కటే వాడిపోయాయి. సీసాల్లో పెట్టిన మనీ ప్లాంట్ తీగలు రెండే మిగిలాయి. మా అత్తావాళ్లది శింగనమల దగ్గర పల్లె. అక్కడ ఇంటి వెనక జలదారి పక్కన ఆమె ఏది గుచ్చినా చెట్టవుతుంది. "నీ చేతి గుణమే అంత అమ్మీ" అంటుంది, నవ్వుతూనే. ఇప్పుడు నాకు ఐదో నెల. సంక్రాంతికి అటూ ఇటూ అని తేదీ ఇచ్చారు. ముందు ఒకసారి మూడో నెలలో పోయింది. ఒక కొమ్మనే బతికించుకోలేనిదాన్ని బిడ్డను ఎలా పెంచుతానా అని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. మా ఆయనకు చెబితే "మొక్కలకీ పిల్లలకీ సంబంధమేంటి" అని నవ్వేస్తాడు. నిజంగా నా చేతిలోనే ఏదైనా లోపం ఉందా? మళ్లీ నాటమంటారా, మానుకోమంటారా?

పేరు వేయొద్దు, అనంతపురం

సమాధానం:

నా పెద్దకూతురి ఈడుదానివి. "మీరు" అని రాద్దామంటే పెన్ను కదలడం లేదు. నువ్వు అనే రాస్తాను, ఏమీ అనుకోకు.

ముందు ఆ 14 కొమ్మల పంచాయితీ తేల్చేద్దాం. ఉగాది దాటాక నాటానని రాశావు. అంటే ఏప్రిల్. అనంతపురంలో ఏప్రిల్ నెల మధ్యాహ్నం రెండు గంటలకు మిద్దె మీద చెప్పుల్లేకుండా ఎప్పుడైనా నిలబడ్డావా? మనమే నిలబడలేని చోట వేరు లేని కొమ్మను నిలబడమన్నావు. వేరున్న మొక్క అయితే ఆకుల్లోంచి పోయిన నీటిని కింది నుంచి తాగి పూడ్చుకుంటుంది. కోసిన కొమ్మకు ఆ వీలు లేదు. దాని ఒంట్లో ఉన్న కాస్త నీరు, కాస్త పిండిపదార్థం, అంతే దాని ఆస్తి. ఎండ 40 డిగ్రీలు దాటి గాలిలో చెమ్మ లేకపోతే ఆ ఆస్తి నాలుగు రోజులకు కరిగిపోతుంది. మన జిల్లాలో ఏడాది మొత్తం మీద పడే వానే 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. గాలికే దాహం వేసే ఊరు మనది. ఆ గాలి మొదట తాగేది నీ కొమ్మలనే.

ఇక మీ అత్త సంగతి. జలదారి పక్కన అని రాశావు చూడు, గుట్టంతా ఆ ఒక్క మాటలో ఉంది. అంట్లు తోమిన నీళ్లు, కాళ్లు కడిగిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు రోజుకు పదిసార్లు అటే పోతాయి. నేల ఎప్పుడూ పచ్చిగా ఉంటుంది. వెనక గోడ నీడ పడుతుంది. పై మట్టి కాగినా జానెడు లోతున, కణుపు ఉన్న చోట చల్లగానే ఉంటుంది. నీ కుండీలు ప్లాస్టిక్‌వే అయ్యుంటాయి. అవి నాలుగు పక్కల నుంచీ, కింద కాంక్రీటు నుంచీ కాగుతాయి. మధ్యాహ్నానికి లోపలి మట్టి చలిమంట దగ్గర పెట్టిన చెంబులా అవుతుంది. మీ అత్తను వచ్చే ఏప్రిల్‌లో తీసుకొచ్చి మీ మిద్దె మీద నాటమను. ఆ చేతి గుణం ఏమవుతుందో అందరం చూద్దాం. (ఈ వాక్యం ఆమెకు చదివి వినిపించకు.)

మా జేజికి కూడా ఇలాంటి పేరే ఉండేది. "ఆమె ఎండుపుల్ల గుచ్చినా చిగురేస్తుంది" అనేవాళ్లు ఊళ్లో. నేను చిన్నప్పుడు ఆమె వెనకే తిరిగేదాన్ని కాబట్టి నాకు అసలు లెక్క తెలుసు. వాన పడ్డ మర్నాడు ఆమె పది పన్నెండు పుల్లలు గుచ్చేది. నెల తిరిగేసరికి మూడో నాలుగో నిలిచేవి. మిగతావి పీకి నీళ్ల పొయ్యిలో పెట్టేది. చచ్చినవి పొయ్యిలోకి, బతికినవి పేరులోకి. నువ్వేమో చచ్చిన 14 కొమ్మలనూ పేరుపేరునా గుర్తుపెట్టుకుని నాకు ఉత్తరం రాశావు. మీ ఇద్దరికీ ఉన్న తేడా అదేనేమో.

చిగురు వచ్చి కూడా ఎందుకు చచ్చాయని నీకు అనుమానం రావాలి. అందరూ మోసపోయేది అక్కడే, నేనూ ఎన్నోసార్లు మోసపోయాను. కొమ్మ మీది కణుపులో మొగ్గ ముందే కూర్చుని ఉంటుంది. కొమ్మలో నిల్వ ఉన్న తిండి తిని అది కన్ను తెరుస్తుంది. కింద వేరు పుట్టిందని దానర్థం కాదు. పైన ఆకులు విచ్చుకునే కొద్దీ నీటి ఖర్చు పెరుగుతుంది, కింద సంపాదన లేదు. రెండు మూడు వారాలకు నిల్వ అయిపోతుంది, ఆకులు వేలాడిపోతాయి. మనమేమో చిగురు చూడగానే "బతికేసింది" అని నీడలోంచి తీసి ఎండలో పెడతాం. నువ్వు కూడా అదే చేసుంటావు. ఆ ముచ్చటే కొమ్మ ప్రాణం మీదికి తెస్తుంది.

ఇంకొకటి అడుగుతాను, నిజం చెప్పు. వేరొచ్చిందో లేదో చూద్దామని ఎన్నిసార్లు పీకి చూశావు? నేనైతే మొదట్లో రోజూ చూసేదాన్ని. కోసిన చోట ముందు తెల్లగా ఒక బొడిపె కడుతుంది, గాయం మానినట్టు. ఆ చుట్టుపక్కలే దారపుపోగుల్లాంటి వేర్లు పుడతాయి. మెల్లగా లాగాం కదా అనుకుంటాం, కానీ ఆ పోగులు మన మెల్లదనానికి కూడా ఆగవు.

ఇది రాస్తుంటే నా కూతురు పుట్టిన కొత్తలో రాత్రిళ్లు గుర్తొస్తున్నాయి. పక్కన పడుకోబెట్టుకుని, అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచి, ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందా అని చూసేదాన్ని. రాత్రికి నాలుగుసార్లు. మా అమ్మ చూసి, "బిడ్డ నిద్రపోతా ఉంది, నువ్వు పడుకో" అని విసుక్కునేది. ఇందులో మాత్రం నిన్ను ఆపను. వేరును చూడబోతే తెగుతుంది, ఊపిరిని చూస్తే ఏమీ కాదు. ఎన్నిసార్లు చూడాలనిపిస్తే అన్నిసార్లు చూసుకో.

నువ్వు తెచ్చిన కొమ్మల్లోనూ తేడాలున్నాయి. నందివర్ధనం, దేశవాళీ పన్నీరు రోజా, మునగ సులువుగా వస్తాయి. మందారం ఓపిక అడుగుతుంది. నర్సరీలో అమ్మే పెద్ద పూల రోజా చాలావరకు అడవి రోజా వేరు మీద అంటుకట్టినదే అయ్యుంటుంది. దాని కొమ్మ తెచ్చి విడిగా నాటితే నూటికి ఎన్నో నిలవవు. దానిమ్మ ముదురు కొమ్మ నాటినా వస్తుంది, కానీ గాలి అంటు కడితే నమ్మకం ఎక్కువ: చెట్టు మీదే బెరడు ఒక అంగుళం చుట్టూ ఒలిచి, తడిపిన కొబ్బరిపొట్టు కట్టి, పైన ప్లాస్టిక్ కాగితం చుట్టడం. దాన్నే గూటీ అంటు అని కూడా అంటారు. పేరు విని మన గుత్తి కోట వాళ్లు కనిపెట్టారనుకోకు, నేను చాలాకాలం అలాగే గొప్పలు చెప్పుకున్నాను.

మరి ఎప్పుడు నాటాలి? వానాకాలం అని పుస్తకాలు చెబుతాయి. మనకు జూన్, జూలైలలో వాన కంటే గాలి ఎక్కువ. ఆషాఢం గాలికి మిద్దె మీద ఆరేసిన చీరలే నిలవవు, ఆకులేం నిలుస్తాయి? మన వానలు ఎక్కువగా పడేది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. కాబట్టి శ్రావణం ఆఖరు నుంచి కార్తీకం దాకా మనకు సరైన కాలం. అంటే ఇప్పుడే. పెన్సిలంత లావు, జానెడు పొడవు, మూడు నాలుగు కణుపులున్న కొమ్మ తీసుకో. పువ్వులు, మొగ్గలు ఉంటే తుంచెయ్. పైన రెండాకులు ఉంచి వాటిని కూడా సగానికి కత్తిరించు. కింది కోత కణుపుకు కాస్త దిగువన ఏటవాలుగా ఉండాలి. రెండు కణుపులు మట్టిలోకి పోవాలి. ఎర్రమన్ను ఒక్కటే వేస్తే తడిసి ఆరి ఇటుకలా గట్టిపడుతుంది, సగం ఇసుక కలుపు. మంచినీళ్ల సీసా అడుగు కోసేసి కొమ్మ మీద గొడుగులా బోర్లించు. లోపల చెమ్మ నిలుస్తుంది. రోజూ కాసేపు తీసి గాలి తగలనివ్వు, లేకపోతే బూజు పడుతుంది. నీడలో, అస్తమానం నీ కంటపడని మూల పెట్టు. కలబంద గుజ్జు, తేనె, దాల్చినచెక్క పొడి అంటూ చాలామంది చెబుతారు. అవన్నీ చేసి చూశాను, నా మొక్కలకేం తేడా కనబడలేదు. ఆరు నాటితే రెండు వస్తాయని ముందే అనుకుని కూర్చో.

అన్నట్టు, "మనీ ప్లాంట్ తీగలు రెండే మిగిలాయి" అని రాశావు. ఆ "రెండే" చదివి నాకు కోపం వచ్చింది. ఆ రెండు సీసాల గురించి ఇంకొక్క ముక్కైనా రాయలేదేం? కణుపు దగ్గర గోధుమరంగులో చిన్న బొడిపె ఉంటుంది కదా, నీళ్లలో పెట్టిన పది పదిహేను రోజులకు అది తెల్లబడి, ఒకనాటి పొద్దున చూస్తే అక్కడ దారంత వేరు ఉంటుంది. నిన్న లేదు, ఇవాళ ఉంది. నేను మొదటిసారి అది చూసినప్పుడు స్టవ్ మీద పాలు పొంగిపోయినా పట్టించుకోలేదు. సీసా కిటికీ వెలుగుకు ఎత్తిపట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. మా ఆయన్ని నిద్రలేపాను. ఆయన ఒక కన్ను తెరిచి, "ఊ, బాగుంది" అని మళ్లీ దుప్పటి కప్పుకున్నాడు. ఆ సంతోషం ఎవరికైనా చెప్పాలంటే మాటలు చాలవు, చెప్పకుండా ఉండలేం. నీకు ఐదో నెల అన్నావు. లోపల ఎవరో గడపలో చిటిక వేసినట్టు కదిలే రోజులు ఇవి. ఆ కదలిక ఎవరికి చెప్పబోయినా ఇదే ఇబ్బంది. రణపాల ఆకు దొరికితే ఒకటి తెచ్చి పుస్తకంలో పెట్టి మరిచిపో. నీళ్లూ మట్టీ లేకపోయినా ఆకు అంచుల గాట్లలో పిల్లమొక్కలు వరసగా మొలుస్తాయి. నీ చేతి గుణం మీద నీకు మరీ అనుమానంగా ఉంటే దానితో మొదలుపెట్టు. దాన్ని చంపడం ఎవరి వల్లా కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కొమ్మల గురించి అంత రాశావు. ముందు ఒకసారి మూడో నెలలో పోయిన విషయం ఒక్క ముక్కలో రాసి దాటేశావు. నేను మాత్రం ఉత్తరం మూడుసార్లు చదివి మూడుసార్లూ అక్కడే ఆగాను.

దాన్ని నేను ఎండిపోయిన కొమ్మతో పోల్చను. నువ్వూ పోల్చకు. కొమ్మ ఎందుకు ఎండిందో పైన ఇంత వివరం చెప్పాను కదా, అక్కడ కాలమో, కుండీయో, మన తొందరో కారణాలు ఉన్నాయి, వచ్చేసారి సరిచేసుకోవచ్చు. మొదటి మూడు నెలల్లో పోయిన కడుపుకు చాలాసార్లు అలాంటి కారణం ఉండదు. తెలిసిన గర్భాల్లోనే నూటికి 10 నుంచి 20 దాకా నిలవవని వైద్యులు చెబుతారు. అందులో ఎక్కువ భాగం ఈ తొలి నెలల్లోనే. వాటిలో దాదాపు సగానికి కారణం క్రోమోజోముల లెక్క మొదటి రోజుల్లోనే తప్పడం. ఆ రోజు నువ్వు మెట్లెక్కావా, బస్సులో వెళ్లావా, ఏం తిన్నావు, ఎవరితో గొడవపడ్డావు, ఇవేవీ ఆ లెక్కను మార్చలేవు. నీ చేతుల దాకా రాని విషయం అది. మన ఇళ్లలో దాని గురించి ఎవరూ మాట్లాడరు. పేరు ఉండదు, ఫొటో ఉండదు, పది రోజులు విశ్రాంతి తీసుకుని మళ్లీ పనిలో పడాలి. ఏడవడానికి కూడా ఒక చోటు చూపించరు. ఆ ఏడుపు నువ్వు ఆ కుండీల దగ్గర ఏడ్చావేమో అనిపించింది నాకు. తప్పయితే మన్నించు.

మీ అత్త "నీ చేతి గుణం" అన్నప్పుడు ఆమె మనసులో రోజా కొమ్మ ఉంది. నీ చెవికి వినిపించింది ఇంకొకటి. ఆ సంగతి ఆమెకు తెలియదు, ఎవరైనా చెబితే తప్ప తెలియదు కూడా. పల్లెల్లో ఆ తరం ఆడవాళ్లకు ఇలాంటివి ఒకటో రెండో జరిగే ఉంటాయి, బయటికి చెప్పుకోలేదు అంతే. ఒకసారి ఇద్దరే కూర్చున్నప్పుడు, "అత్తా, నువ్వా మాట అంటే నాకు ముందుది గుర్తొస్తుంది" అని చెప్పు. అంతకంటే ఒక్క మాట కూడా అక్కర్లేదు. మీ ఆయనకు ఈ పేజీ చదవమని ఇవ్వు. మొక్కలకీ పిల్లలకీ సంబంధం లేదని నవ్వేసే మగవాళ్లను చాలామందిని చూశాను, వాళ్లకూ భయమే. నవ్వితే పోతుందనుకుంటారు.

నిద్ర పట్టడం లేదన్నావు. అది ఎన్నాళ్లుగానో రాయలేదు. రెండు వారాలు దాటి ఉంటే, వచ్చే చెకప్‌లో బీపీ చూసేటప్పుడే డాక్టరుకు చెప్పు, "ఇది కూడా చెప్పాలా" అనుకోకు. కడుపుతో ఉన్నప్పుడు దిగులు, టెన్షన్ పట్టుకోవడం మామూలే, దానికి చూపించుకోవడం కూడా మామూలే కావాలి. రాత్రిపూట ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ అని ప్రభుత్వ ఫోన్ సేవ ఉంది, 14416. డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇక బిడ్డ. మీ ఆయన నవ్వుతూ అన్నా అందులో సగం నిజం ఉంది. కొమ్మ నాటితే వచ్చేది కొత్త మొక్క కాదు, తల్లి చెట్టే ఇంకో చోట నిలబడడం. పువ్వు రంగు, ఆకు గీత, అన్నీ అవే. బిడ్డ అలా కాదు, గింజ. మీ ఇద్దరి లెక్కలూ కలిపి ఇంతకుముందు ఎప్పుడూ లేని ఇంకో లెక్క. మామిడి సంగతి మనకు తెలిసిందే కదా. పక్క జిల్లా బంగినపల్లి టెంక నాటితే బంగినపల్లి రాదు. ఏ కాయ వస్తుందో కాసేదాకా తెలియదు. అదే కాయ కావాలంటే నాటు మొక్క వేరు మీద అంటు కట్టాల్సిందే. పిల్లల్ని అంటు మొక్కలనుకుని "మా నాయన పోలిక రాలేదే, మా వంశం చదువు రాలేదే" అని ఎదురుచూసేవాళ్లను చూసి చూసి నాకు విసుగొచ్చింది. నీకు పుట్టబోయేది ఏ కాయో తెలియని టెంక. నేనైతే అది చూడటానికే ఇంకో జన్మైనా ఎత్తుతాను.

గింజకు ఇంకో సుఖం ఉంది. దాని తిండి అదే తెచ్చుకుంటుంది, రెండు పప్పుబద్దల్లో మూటకట్టుకుని. పగిలాక మొదట బయటికొచ్చేది వేరు. ఆకు తర్వాత. నీ కొమ్మలు చేసిన దానికి పూర్తిగా తలకిందులు. ఆ మొదటి వేరుకు మన భాషలో ఏం పేరు పెట్టారో గుర్తుందా? తల్లి వేరు. కొమ్మ నుంచి పెరిగిన మొక్కకు తల్లి వేరు ఉండదు, గింజ నుంచి వచ్చిన దానికే ఉంటుంది. అందుకే మన మెట్టనేలల్లో చింతకైనా వేపకైనా గింజ మొలకే గట్టిది, కరువుకు తట్టుకుంటుంది. కొమ్మకు వేరు పుట్టించాలని నువ్వు రాత్రీ పగలూ దిగులుపడ్డావు. గింజకు ఆ పని నువ్వు చేయక్కర్లేదు, అది తనే తెచ్చుకుంటుంది.

మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. "దోహదం" అని రోజూ వింటుంటాం, అభివృద్ధికి దోహదం, ఆరోగ్యానికి దోహదం అని. నిఘంటువు తీసి చూస్తే దాని మొదటి అర్థం వేవిళ్ల కోరిక. కడుపుతో ఉన్న ఆడమనిషికి పుల్ల మామిడికాయ మీదికో, మట్టి వాసన మీదికో మనసు పోతుందే, అది. రెండో అర్థం, చెట్టు పూయడానికి చేసే ఉపచారం. చెట్టుకు కూడా కోరిక ఉంటుందని, ఆడదాని కాలు తగిలితే అశోకం పూస్తుందని పాతకాలం కవుల నమ్మకం. అంటే చూలాలినీ చెట్టునూ ఒకే మాటలో కూర్చోబెట్టిన భాష మనది. మీ ఆయన మళ్లీ "సంబంధమేంటి" అంటే ఈ మాట చెప్పు. కడుపుతో ఉన్నవాళ్ల చేయి చెట్టుకు కీడు అని ఎవరైనా అంటే వాళ్లకూ ఇదే చెప్పు.

కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను చూశావా? చూడకపోతే బిడ్డ పుట్టాక తీసుకెళ్లు, ఇప్పుడు ఆ రోడ్డులో కుదుపులు వద్దు. దాదాపు ఐదెకరాల్లో పరుచుకున్న ఒకే చెట్టు. 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. 15వ శతాబ్దంలో తిమ్మమ్మ అనే ఆమె భర్తతో సహగమనం చేసిందని, ఆ చితికి పాతిన గుంజల్లో ఒకటి చిగురించి ఈ మాను అయిందని కథ. కథలోని చితి నాకు మింగుడుపడదు, ఎన్నిసార్లు విన్నా. కానీ గుంజ మాట మాత్రం మొక్కలు పెంచేవాళ్లకు నమ్మబుద్ధేస్తుంది. మర్రి గుంజ పాతితే వేరు పట్టడం వింతేమీ కాదు. ఆ మాను కింద పిల్లల్లేని దంపతులు వచ్చి మొక్కుకుంటారు. నేను వెళ్లినప్పుడు ఒక కొత్త జంట ఊడల మధ్య చేతులు పట్టుకుని నిలబడి ఉంది. ఏ ఊడ మొదటిదో, తల్లి మాను ఎక్కడుందో ఆ గుంపులో తేల్చడం కష్టం. నేలను తాకిన ప్రతి ఊడా ఇంకో మాను అయిపోయింది.

మళ్లీ నాటమంటారా అని అడిగావు. నాటు. మట్టి ముట్టుకునేటప్పుడు చేతికి గ్లౌజులు వేసుకో. పిల్లులు తిరిగే మిద్దెల మీద మట్టిలో టాక్సోప్లాస్మా అనే క్రిమి ఉండొచ్చు, కడుపులో బిడ్డకు అది మంచిది కాదు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే ఏదైనా తిను. పురుగుమందులు, వేరు పుట్టించే పొడులు నీ చేత్తో కలపకు. పెద్ద కుండీలు ఎత్తే పని నీది కాదు, ఆ నవ్వేవాడిది. ఇంట్లో గన్నేరు ఉంటే బిడ్డ పాకే రోజులు రాకముందే ఎవరికైనా ఇచ్చెయ్, ఆకూ పువ్వూ కొమ్మా అన్నీ విషమే.

మిద్దె మీద నీ ఆరు కొమ్మలు నువ్వు నాటుకో. దాంతోపాటు ఇంకో పని, ఈ ఆదివారమే. మీ అత్తావాళ్ల ఇంటి వెనక మల్లె పొద ఉందా? ఉంటే ఆమెకు ఫోన్ చెయ్. నేలకు దగ్గరగా ఉన్న పొడుగాటి కొమ్మ ఒకటి చూడమను. ఒక కణుపు కింద బెరడు కాస్త గీకి, కొమ్మను వంచి ఆ కణుపు మీద మట్టి కప్పి, లేవకుండా ఒక రాయి పెట్టమను. కొస మాత్రం బయట ఉండాలి. దీన్ని నేల అంటు అంటారు. ఆమెకు పేరు తెలియకపోయినా పని తెలిసే ఉంటుంది. కొమ్మను తల్లి నుంచి కోయరు, వేరు పట్టేదాకా తల్లి పొదే తిండి పంపిస్తుంది, బొడ్డు తాడుతో పంపినట్టు. ఎండకు భయం లేదు, నిల్వ అయిపోతుందన్న దిగులు లేదు. జలదారి నీళ్లు ఎలాగూ పోతూనే ఉంటాయి. రెండు మూడు నెలలకు వేరు పడుతుంది. పట్టినా తొందరేమీ లేదు, అలాగే ఉండనీ.

పురుడుకు నువ్వు పుట్టింటికి వెళతావు. మూడో నెల బిడ్డతో తిరిగొచ్చేసరికి మళ్లీ ఉగాది దగ్గరికొస్తుంది, ఎండలు మొదలవుతాయి. కాబట్టి అప్పుడు కోయొద్దు. వచ్చే శ్రావణం దాకా ఆ మల్లె తల్లి దగ్గరే పెరగనీ, బిడ్డ పాకడం నేర్చుకునేదాకా. అప్పుడు పల్లెకు వెళ్లి, కత్తెర మీ అత్త చేతికే ఇచ్చి కోయించి తెచ్చుకో. కుండీ ప్లాస్టిక్‌ది వద్దు, మట్టిది కొను. కొనేముందు తిరగేసి అడుగున చిల్లు ఉందో లేదో చూడు. చిల్లు లేని కుండీ నాకొకరు అంటగట్టారు, ఆ కనకాంబరం మీద ఇప్పటికీ బెంగ తీరలేదు.